పోర్చుగీసు నావలు – ఆఫ్రికా దుబాసీలు

మన భాషలో 'దుబాసి' అనే మాట ఒకటి కలదు. ద్విభాషి అనే సంస్కృత పదమే జనుల నోట నలిగి దుబాసి అయినది. కుంఫిణీ కాలంలో చెన్నపట్నం, పుదుచ్చేరి, మచిలీపట్నం వంటి రేవు పట్టణాలలో దొరలకూ దేశీయ వర్తకులకూ నడుమ నిలిచి ఇరువైపుల మాటనూ మోసినవాడు దుబాసి. పుదుచ్చేరిలో డూప్లే కొలువులో ఉండి దినచర్య వ్రాసిపెట్టిన ఆనందరంగ పిళ్ళె దుబాసియే. 'కాశీయాత్ర చరిత్ర' కర్త ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నపు సుప్రీం కోర్టులో ద్విభాషిగా ఉద్యోగించినవాడే. ఆ వృత్తి వలన ధనమూ పలుకుబడీ గడించినవారే మనకు ఎక్కువగా జ్ఞాపకం ఉన్నారు. అందుచేత దుబాసి అనగానే జరీ తలపాగా, శాలువ, ముంగిట పల్లకి మన కన్నులకు కడతాయి.

ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇదే అర్థంలో 'తర్జుమాన్' అనే మాట విదితమే. ఈ అరబ్బీ పదం మధ్యధరా సముద్ర తీరమంతటా వర్తకులతో పాటు ప్రయాణించి, పోర్చుగీసు భాషలో 'తుర్జిమావ్' అనే రూపం పొందినది. అయితే పదునైదవ శతాబ్దంలో ఆఫ్రికా పశ్చిమ తీరం వెంట ఓడలు నడిపిన పోర్చుగీసువారు తమ దుబాసీని తరచుగా ఇంకొక పేరుతో పిలిచారు. అది 'లింగువ'. ఆ మాటకు నాలుక అని అర్థం. నాలుక అనేది మనిషిలో ఒక అవయవం. మనిషిని వదలి ఆ అవయవం పేరుతోనే అతనిని పిలవడంలో ఆనాటి వ్యవహార సరళి కొంత దాగి ఉన్నదని నాకు తోస్తుంది. ఆ నాలుకలు ఎట్లు సంపాదింపబడినవి, వాటి వెల ఎంత, అవి పలికిన చోట ఏమి జరిగినది, పలుకలేని చోట ఏమి జరిగినది అనేదే ఈ వ్యాసంలో పరిశీలింపదలచిన విషయం.

మన పాఠ్యగ్రంథాలలో ఈ అధ్యాయం 'భౌగోళిక అన్వేషణలు' అనే శీర్షిక క్రింద వస్తుంది. 1415లో స్యూటా పట్టణాన్ని జయించుట, 1434లో గిల్ ఎయానెస్ బొజడార్ అగ్రాన్ని దాటుట, 1488లో బార్తలోమ్యూ డయస్ ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి వచ్చుట, 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరుట అనే వరుసను విద్యార్థులు పరీక్షకు వల్లె వేస్తారు. ఆ పట్టికలో అగ్రాలు ఉన్నవి, నదులు ఉన్నవి, ఓడలు ఉన్నవి. ఒడ్డున నిలబడి ఆ ఓడలను చూచిన మనుష్యులు మాత్రం లేరు.

వారి మాట వినడం సులభం కాదనేది యథార్థం. మనకు లభించే తొలి ఆధారాలన్నీ ఓడ మీద వచ్చినవారు వ్రాసినవే. వాటిలో ముఖ్యమైనది గోమెస్ ఎయానెస్ ద జురారా అనే ఆస్థాన చరిత్రకారుడు 1453 ప్రాంతంలో ముగించిన గినియా వృత్తాంతం. ఇతడు రాకుమారుడు హెన్రీని స్తుతించడానికి పూనుకొన్నవాడు. నిజానికి ఆ గ్రంథాన్ని ప్రశస్తి కావ్యమనవచ్చు. కాని మన శాసనాలలోని ప్రశస్తి భాగాలను చదివినవారికి ఒక సంగతి తెలుసు. ప్రభువును పొగడే తొందరలో శాసన కవి తాను దాచవలసిన వాటిని కూడా చెప్పివేస్తాడు. జురారా కూడా అట్టివాడే.

1441లో అంతావ్ గొన్సాల్వెస్ అనే యువకుడు సీలు జంతువుల చర్మాలు, నూనె తెమ్మని పంపిన చిన్న ఓడకు నాయకుడుగా పశ్చిమ సహారా తీరానికి వెళ్ళాడు. ప్రభువు మెప్పు కోసం అక్కడి మనుష్యులను కొందరిని పట్టి తీసుకొనిపోవాలని సంకల్పించాడు. నూనో త్రిస్తావ్ అనే మరొక నాయకుడు అక్కడ కలిశాడు. ఇద్దరూ రాత్రి వేళ గుడారాల మీద పడి కొద్దిమందిని బంధించారు. రాకుమారుని ఆశయం ప్రకారం బందీల నుండి దేశ సమాచారం రాబట్టవలె. కాని అడిగేదెట్లు? ఓడలో అరబ్బీ తెలిసినవాడు ఉన్నాడు. పట్టుబడినవారు సహారాలోని అజనేగ్ జనులు, అనగా బెర్బర్ తెగకు చెందినవారు. వారి మాట అరబ్బీ కాదు. వారిలో ఒక్కడు మాత్రం పలు దేశాలు తిరిగి అరబ్బీ నేర్చినవాడు. అతని పేరు అదాహు అని జురారా వ్రాశాడు.

ఈ అదాహు కథ చిన్నదే అయినా మనస్సులో నిలిచిపోతుంది. తనను తన దేశంలో దింపితే ప్రతిగా అయిదారుగురు నల్లవారిని ఇప్పిస్తానని, తనతో పట్టుబడిన ఇద్దరు యువకులకు కూడా వారి బంధువులు విడుదల వెల చెల్లిస్తారని అతడు పోర్చుగల్‌లో మాట ఇచ్చాడు. మరుసటి సంవత్సరం గొన్సాల్వెస్ అతనికి మంచి దుస్తులు తొడిగి, ఆ తీరంలో దింపాడు. అదాహు ఒడ్డు ఎక్కి మరి తిరిగి రాలేదు. మాట తప్పినాడని జురారా నిష్ఠూరమాడాడు. బలవంతంగా పట్టి తెచ్చినవాడు పట్టినవారికి ఏ మాట బాకీపడతాడో ఆ చరిత్రకారుడు ఆలోచించలేదు. మిగిలిన ఇద్దరు యువకులకు మారుగా మాత్రం పదిమంది నల్లజాతి స్త్రీ పురుషులు, కొంత బంగారు పొడి, నిప్పుకోడి గుడ్లు లభించినవి. ఆ పదిమంది ఎవరో, ఏ ఊరివారో గ్రంథంలో లేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవలె. సహారా ఎడారి మీదుగా బానిసలను నడిపించే వర్తకం పోర్చుగీసువారు వచ్చుటకు ఎన్నో శతాబ్దాల ముందే ఉన్నది. దానిని నడిపినవారిలో అరబ్బులు, బెర్బర్లు, సూడాను ప్రాంతపు ముస్లిం ప్రభువులు ఉన్నారు. మన మతస్థులు కనుక ఆ సంగతి విడిచిపెట్టి పోర్చుగీసువారి దోషాలను మాత్రమే ఎంచితే అది చరిత్ర అనిపించుకోదు. పోర్చుగీసువారు ఆ వర్తకానికి సముద్రం వైపు నూతనంగా ఒక తలుపు తెరిచారు. ఆ తలుపు తరువాత నాలుగు వందల ఏండ్లపాటు మూతపడలేదు.

1444 ఆగస్టు 8వ తేదీన పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ పట్టణంలో, ఎండ ముదరక ముందే, ఓడలలో తెచ్చిన 235 మందిని ఊరి వెలుపలి మైదానంలో నిలబెట్టి భాగాలు పంచారు. రాకుమారుడు హెన్రీ గుర్రం మీద కూర్చుండి చూచాడు. అయిదవ వంతు ఆయనది కనుక 46 మంది ఆయన పాలికి వచ్చారు. వారిని ఆయన అక్కడికక్కడే తన వారికి పంచిపెట్టాడు. భాగాలు సమానంగా రావాలంటే తండ్రి నుండి కొడుకును, భర్త నుండి భార్యను వేరు చేయక తప్పలేదు. తల్లులు బిడ్డలను పొదివి పట్టుకొని నేల మీద బోర్లపడ్డారని, దెబ్బలు తమ ఒంటి మీద కాచుకొన్నారని జురారా వ్రాశాడు. తనకు కన్నీరు వచ్చినదని కూడా వ్రాశాడు. వీరి ఆత్మలు ఉద్ధరింపబడతాయి కదా అని పిదప తన్ను తాను సమాధానపరచుకొన్నాడు.

ఆ వర్ణనలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపివేసిన చోటు మరొకటి. బందీలలో కొందరు తమ దేశపు తీరున శోకాలు తీశారట. మాటలు ఎవరికీ అర్థం కాలేదు, అయినా ఆ రాగం వారి దుఃఖానికి సరిపోయినదని జురారా అంటాడు. ఆ మైదానంలో దుబాసి లేడు. ఉంచవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆ శోకంలోని మాటలు ఏమిటో, ఎవరి పేర్లు అందులో ఉన్నవో ఇక ఎన్నటికీ తెలియదు.

ప్రసంగవశాన ఒక మాట. మనం నిత్యం వాడే 'వేలం' అనే పదం పోర్చుగీసు 'లెయిలావ్' నుండి వచ్చినదని భాషావేత్తలు చెబుతారు. అల్మారా, మేస్త్రి, పాదిరి వంటి వాటితోపాటు అది కూడా మన రేవుల్లో దిగినది. లాగోస్‌లో నాడు జరిగినది వేలం కాదు, పంపకం. వేలాలు తరువాత వచ్చినవి.

దోపిడి మార్గం ఎంతో కాలం సాగలేదు. 1446లో నూనో త్రిస్తావ్ కేప్ వర్ద్ అగ్రానికి దక్షిణంగా ఒక నదీముఖంలో రెండు పడవలతో లోనికి పోయాడు. అక్కడివారు విషం పూసిన బాణాలు ప్రయోగించారు. త్రిస్తావ్, అతనితో పోయినవారిలో అత్యధికులు మరణించారు. ఓడలో మిగిలిన ఒక గుమస్తా, కొందరు పిల్లలు కలసి సుమారు రెండు నెలలు నేల కనబడని సముద్రంలో తిరిగి స్వదేశం చేరారు. ఆ ఎడారి తీరపు చిన్న గుడారాల మీద పడినట్లు ఈ నదుల ప్రజల మీద పడుట సాధ్యం కాదని దీనితో తెలిసివచ్చినది. బలం చాలనందున బేరానికి దిగారు. బేరానికి మాట కావలె. మాటకు నాలుక కావలె.

మాట నేర్చుటకు ఇంకొక మార్గం లేకపోలేదు. జొవావ్ ఫెర్నాందెస్ అనే పోర్చుగీసువాడు 1444–45లో ఆ ఎడారి తీరంలో తానే కోరి దిగాడు. పూర్వం మూర్లకు బందీగా ఉండి వారి భాష నేర్చినవాడు కనుక, ఏడు నెలలు అజనేగ్ పశుపాలకుల వెంట ఒంటెల మీద తిరిగి, వారు తిన్నది తిని, సుఖంగా తిరిగివచ్చాడు. అతనికి ఎవరూ అపకారం చేయలేదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆ తీరం స్వభావత: శత్రుభూమి కాదని చెప్పుటకు. అయినను అతని మార్గాన్ని అనుసరించినవారు బహు స్వల్పం.

ఇక కాదమోస్తో విషయం. అల్విసె కాదమోస్తో వెనిస్ నగరానికి చెందిన యువ వర్తకుడు. హెన్రీ అనుమతితో 1455లోను, మరల 1456లోను సెనెగల్, గాంబియా నదుల వరకు ప్రయాణించి ఒక యాత్రా గ్రంథం వ్రాశాడు. జురారా వలె ఇతడు ఆస్థాన పండితుడు కాడు. ఏది ఎంతకు అమ్ముతారు, ఏమి తింటారు, ఏమి నమ్ముతారు అనే కుతూహలం గలవాడు. ఆ కుతూహలమే మనకు మేలు చేసినది.

సెనెగల్ నదికి దక్షిణాన కయోర్ ప్రాంతపు వొలోఫ్ ప్రభువును ఇతడు బుదోమెల్ అని పేర్కొన్నాడు. ఏడు గుర్రాలు, వాటి సామగ్రితో సహా మూడు వందల డ్యుకాట్ల వెల గలవి, ఆ ప్రభువుకు ఇచ్చి నూరుమంది బానిసలకు బేరం కుదుర్చుకొన్నాడు. ఆ ప్రాంతంలో ఒక మేలిజాతి గుర్రానికి తొమ్మిది నుండి పదునాలుగు మంది వరకు మారకం ఉన్నదని లెక్క చెప్పాడు. పన్నెండేండ్ల బాలికను ఒకతెను కూడా ప్రభువు కానుకగా ఇచ్చాడని, తాను స్వీకరించి ఓడకు పంపానని ఒక్క వాక్యంలో ముగించి, తరువాతి సంగతికి పోయాడు. ఆ బాలిక పేరు లేదు.

బుదోమెల్ ముస్లిం. అతని కొలువులో అరబ్బు, అజనేగ్ విద్వాంసులు ఉన్నారు. ఒకనాడు మత విషయమై ప్రసంగం సాగినది. కాదమోస్తో తన మతమే శ్రేష్ఠమని వాదించగా ప్రభువు నవ్వి, మీ మతమూ మంచిదే అయివుండవలె, దేవుడు మీకిన్ని సంపదలు ఇచ్చాడు కదా అన్నాడట. అయితే దేవుడు న్యాయమూర్తి కనుక, ఈ లోకంలో స్వర్గం మీకు ఇచ్చినందున పరలోకంలో దానిని మాకే ఇస్తాడని ముక్తాయించాడట. ఈ చతురతను కాదమోస్తో మెచ్చుకొన్నాడు. మన తర్కశాస్త్ర విద్యార్థులు కూడా మెచ్చుకొంటారని నా నమ్మకం. ఇంత సున్నితమైన వాదం ఒకరి నోటి నుండి మరొకరి చెవికి చేరవలెనంటే నడుమ నిలిచిన దుబాసి సామాన్యుడు కాడు. అతని పేరు కూడా గ్రంథంలో లేదు.

సంతలో జనం ఈ వెనిస్ వర్తకుని చుట్టూ మూగారు. అతని చేతులకు ఉమ్మి రాసి రుద్ది, ఆ తెలుపు రంగా, చర్మమా అని పరీక్షించారు. చర్మమే అని తేలగానే నోళ్ళు తెరిచారు. ఓడ ముందు భాగాన చిత్రించిన కన్నులతోనే ఓడ సముద్రంలో దారి చూచుకొంటుందని అనుకొన్నారు. ఇటువంటి కథలు చెప్పి నవ్వడం యాత్రికులకు అలవాటు. కాని కొత్త వస్తువును చేతితో తాకి, రుద్ది, పరీక్షించి నిర్ణయించుట కంటె శాస్త్రీయమైన పద్ధతి ఏమున్నది? అదే కాలంలో ఐరోపాలో చదువుకొన్నవారే, చూడని దేశాలలో తల లేని మనుష్యులు ఉన్నారని నమ్ముతూ ఉండిరి.

కాదమోస్తో తన ఓడలలోని దుబాసీలను గూర్చి చెప్పిన నాలుగు వాక్యాలే ఈ వ్యాసానికి మూలం. వారు నల్లవారు. తొలుత వచ్చిన పోర్చుగీసువారికి సెనెగల్ ప్రభువులు అమ్మినవారు. పోర్చుగల్‌లో క్రైస్తవం పుచ్చుకొని అక్కడి భాష చక్కగా నేర్చారు. యజమానుల వద్ద నుండి వారిని ఓడవారు అద్దెకు తెచ్చుకొన్నారు. ఒక్కొక్క దుబాసీకి అద్దెగా యజమానికి ఒక బానిసను చెల్లించవలె. ఏ దుబాసి అయితే తన యజమానికి నలుగురు బానిసలను సంపాదించి ఇస్తాడో అతనికి స్వేచ్ఛ లభిస్తుంది.

ఈ షరతును విద్యార్థులు నెమ్మదిగా మరొకసారి చదువవలెనని కోరుతున్నాను. నలుగురు ఇతరులు తన స్థితికి దిగితేనే తాను ఆ స్థితి నుండి బయటపడతాడు. తన తల్లి నేర్పిన భాషే ఆ నలుగురినీ పట్టే వల. కాదమోస్తో దీనిని ఆశ్చర్యంతో గాని సిగ్గుతో గాని వ్రాయలేదు. ఓడకు తెరచాప ఎంతకు కొన్నదీ వ్రాసినట్లే వ్రాశాడు. ఆనందరంగ పిళ్ళె వంటి దుబాసీని తలచుకొని ఈ దుబాసీని ఊహించరాదు. ఇద్దరికీ పేరు ఒకటే, బ్రతుకు వేరు.

అట్టి దుబాసి ఒకని అంతం కూడా అదే గ్రంథంలో ఉన్నది. కేప్ వర్ద్‌కు దక్షిణంగా సెరేర్ జనులు నివసించే ప్రాంతంలో ఒక నదీముఖం వద్ద ఓడలు ఆగినవి. ఏ ఓడలోని దుబాసీని దింపవలె అని చీట్లు వేసుకొన్నారు. చీటీ పడిన ఓడవారు తమవానిని ఆయుధాలు ధరించిన పడవలో తీసుకొనిపోయి ఒడ్డున దింపారు. దేశం ఏమిటో, ప్రభువు ఎవరో, బంగారం ఉన్నదో లేదో కనుక్కొమ్మన్నారు. ఒడ్డున ఉన్నవారు అతని వద్దకు వచ్చి కొంత సేపు మాట్లాడారు. తరువాత హఠాత్తుగా పొట్టి కత్తులతో నరికివేశారు. పడవలోనివారు చూస్తూ ఉండిపోయారు. అతడు ఏమి అడిగాడో, వారేమి బదులిచ్చారో పడవలో ఎవరికీ అర్థం కాలేదు, ఎందుకంటే అర్థం చేసుకొనగల ఒక్కడూ ఆ ఒడ్డున పడి ఉన్నాడు.

వారిది అకారణ క్రౌర్యమని కాదమోస్తో భావించాడు. కాని కారణం ఆయన గ్రంథంలోనే కొన్ని పుటల దూరంలో కనిపిస్తుంది. సెరేర్ జనులు రాజును ఎన్నుకోరని, రాజు ఉంటే తమ భార్యాబిడ్డలను పట్టి బానిసలుగా అమ్మివేస్తాడని వారి భయమని ఆయనే వ్రాశాడు. అట్టి జనం ముందు, తమవంటి ముఖంతో, పరదేశి వస్త్రాలతో ఒకడు నిలిచి ఈ దేశానికి ప్రభువు ఎవరని అడిగితే ఆ ప్రశ్నకు వారు ఏమని అర్థం చెప్పుకొని ఉంటారు?

గాంబియా నదిలో మరింత స్పష్టమైన సమాధానమే దొరికినది. 1455లో ఓడలు నదిలోనికి ప్రవేశించగానే పదిహేను వరకు దోనెలు చుట్టుముట్టి బాణాలు కురిపించినవి. ఓడల మీది ఫిరంగులు ప్రేలినవి. పోరు కొంత సద్దుమణిగిన పిదప దుబాసీలు కేకలు వేసి, శాంతితో వర్తకానికి వచ్చినవారి మీదికి ఎందుకు వచ్చారని అడిగారు. దోనెలలోనివారు బదులు చెప్పారు. సెనెగల్‌కు మీరు వచ్చిన సంగతి విన్నాము, క్రైస్తవులు మనుష్య మాంసం తింటారని, తినుటకే నల్లవారిని కొంటారని ఎరుగుదుము, మీ స్నేహం మాకు వద్దు, మిమ్ములను చంపి మీ సొత్తును మా ప్రభువుకు కానుక పెడతాము అన్నారు.

నరమాంస భక్షణ అనే నిందను ఐరోపావారు ఆఫ్రికావారి మీద వేయుట మనం వందల గ్రంథాలలో చదివాము. ఇక్కడ అది ఎదురుగా వచ్చినది. నింద అసత్యమే కావచ్చు. అయినా దాని వెనుక గల తర్కం బలమైనది. పడవ ఎక్కినవారు వేల సంఖ్యలో ఉన్నారు, తిరిగి వచ్చినవారు లేరు. వారంతా ఏమైనారు? చూచినదానిని బట్టి ఊహించదగినది అదే. ఇంకొక సంగతి. ఓడలకంటె ముందు వార్త నడిచినదని ఈ సమాధానం వలన తెలుస్తుంది. సెనెగల్ నుండి గాంబియా వరకు జనులు పరస్పరం హెచ్చరించుకొంటున్నారు. మరుసటి ఏడు కాదమోస్తో మళ్ళీ వచ్చినపుడు దుబాసీలు ముందుగా ఒక మనిషిని నచ్చచెప్పి ఓడ ఎక్కించారు, నదిలో పైకి పోయి బత్తిమాన్సా అనే ప్రభువుతో స్నేహం కుదిరినది, వర్తకం జరిగినది. ఫిరంగి చేయలేనిది మాట చేసినది. కాని ఆ వర్తకంలో కూడా మనుష్యులు సరుకులే.

1482లో బంగారు తీరంలో ఎల్మినా కోట కట్టిన వృత్తాంతం ప్రసిద్ధం కనుక క్లుప్తంగా చెబుతాను. ద్వితీయ జొవావ్ రాజు పంపగా దియోగో ద అజంబూజా ఆరు వందల మందితో, చెక్కి సిద్ధం చేసిన రాళ్ళతో సహా వచ్చాడు. స్థానిక ప్రభువును పోర్చుగీసు గ్రంథాలు కరమాన్సా అంటాయి. క్వమెనా అన్సా అని నేటి చరిత్రకారుల ఊహ. అతడు దుబాసి ద్వారా చెప్పిన సమాధానాన్ని పోర్చుగీసు చరిత్రకారులే తమ శైలిలో భద్రపరచారు. అప్పుడప్పుడు కలిసే స్నేహితుల ప్రేమ, ఇరుగుపొరుగున కాపురం ఉంటే నిలువదని, కనుక ఎప్పటివలె వచ్చి సరుకు మార్చుకొని పోవుట మేలని దాని తాత్పర్యం. కోట కట్టడం ఆగలేదు. పనివారు స్థానికులకు పవిత్రమైన శిలను కొట్టబోగా తిరుగుబాటు కూడా జరిగినది, దానిని కానుకలతో చల్లార్చారు. పొరుగున కాపురం వద్దని అంత మర్యాదగా చెప్పిన మాట ఆ శతాబ్దపు దౌత్య ప్రసంగాలలో మరొకటి నేను చదువలేదు.

ఎల్మినా దాటి దక్షిణానికి పోయిన కొద్దీ పాత నాలుకలు పనికిరాకపోయినవి. 1483లో దియోగో కావ్ కాంగో నదీముఖం చేరినపుడు ఓడలోని గినియా దుబాసీలలో ఎవరి మాటా అక్కడివారికి అర్థం కాలేదు. అతడు సైగలతో తనవారిని కొందరిని రాజు వద్దకు పంపాడు. వారు త్వరగా తిరిగిరానందున, ఓడ చూడవచ్చిన నలుగురు కాంగో వాసులను పట్టుకొని, ఇన్ని నెలలకు తిరిగి తెస్తానని సైగచేసి లిస్బన్ పోయాడు. వారు అక్కడ భాష నేర్చారు. ఈసారి పోర్చుగీసువారు మాట నిలుపుకొన్నారు. రెండవ యాత్రలో ఆ నలుగురిని కానుకలతో అప్పగించి, కాంగోలో క్షేమంగా ఉన్న తమవారిని తీసుకొన్నారు. తీరంలో చిన్న గుడారాలు గాక ఒక పెద్ద రాజ్యం ఉన్నప్పుడు బందీ అతిథిగా మారుట గమనింపదగినది.

దక్షిణాగ్రం వద్ద పరిస్థితి వేరు. అక్కడి ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల భాష ఎవరికీ రాదు. 1488లో డయస్ మనుష్యులు నీరు పట్టుకొంటుండగా వారు రాళ్ళు విసిరారు. డయస్ ఒకనిని అడ్డవిల్లుతో చంపాడు. 1497 డిసెంబరులో అదే తీరానికి గామా వచ్చినపుడు మొదటి రోజులు ఆహ్లాదంగా గడిచినవి. సుమారు రెండు వందల మంది వచ్చి నాలుగైదు పిల్లనగ్రోవులు హెచ్చు తగ్గు స్థాయిలలో కలిపి వాయించి నాట్యమాడారు. గామా బాకాలు ఊదించి పడవలలో తానూ ఆడాడు. మూడు కడియాలకు ఒక ఎద్దు బేరమైనది. కాని కొలది దినాలలో వారు మార్తిం అఫోన్సో అనే నావికుని చేయి పట్టుకొని ఊట వద్దకు తీసుకొనిపోయి, మా నీరు ఎందుకు తోడుకొనిపోతున్నారని సైగలతో నిలదీశారు. పశుపాలకునికి నీటి కంటె మించిన ఆస్తి ఏది? రాయలసీమలో, పాలమూరులో పుట్టినవారికి ఆ సైగను తర్జుమా చేయవలసిన పని లేదు. గామా ఫిరంగి ప్రేల్చాడు. ఓడలు బయలుదేరుతుండగానే పోర్చుగీసువారు నాటిన శిలాస్తంభాన్ని, శిలువను పదిపన్నెండు మంది పడగొట్టుట నావికులు ఓడ నుండి చూచారు.

ఈ మార్తిం అఫోన్సో కాంగోలో కొంతకాలం ఉండి వచ్చినవాడు. ఖోయ్‌ఖోయ్ భాష అతనికి తెలియదు. కాని మరి నెల రోజులకు, 1498 జనవరిలో, తూర్పు తీరాన నేటి మొజాంబిక్‌లోని ఒక నది వద్ద దిగినపుడు అక్కడివారి మాట అతనికి కొంత తెలిసినది. కాంగో భాష, ఈ తీరపు భాష ఒకే బాంతూ కుటుంబానికి చెందినవి. తెలుగువాడు కన్నడ దేశంలో వినే మాటలలో కొన్నిటిని పోల్చుకొన్నట్లు అతడు పోల్చుకొని ఉండవలె. ఆ కొద్దిపాటి మాటతో మొత్తం పరిస్థితి మారిపోయినది. గ్రామాధిపతి అతనిని తన ఊరిలో ఆ రాత్రి ఉంచుకొని జొన్న జావ, కోడి కూర పెట్టాడు. పోర్చుగీసువారు అయిదు దినాలు సుఖంగా ఉండి ఆ చోటికి 'మంచివారి దేశం' అని పేరు పెట్టారు. ఖోయ్‌ఖోయ్ జనులు చెడ్డవారు, వీరు మంచివారు అని కాదు. వారితో మాట లేదు, వీరితో ఉన్నది.

అక్కడ నుండి ఉత్తరాన అరబ్బీ పనికి వచ్చే స్వాహిలీ రేవులు మొదలైనవి. మాట తెలిసినంత మాత్రాన స్నేహం కుదరదని అవి నిరూపించినవి. మొజాంబిక్ ద్వీపపు ప్రభువు తొలుత వీరిని తురుష్కులని తలచి ఆదరించాడు. గామా ఇచ్చిన టోపీలు, పగడాలు చూచి తేలికపరచి ఎర్రని మేలి వస్త్రం అడిగాడు, అది ఓడలో లేదు. హిందూ మహాసముద్ర వర్తకంలో ఆరితేరిన రేవు అది. పూసలు చూచి పొంగిపోయే ఊరు కాదు. సత్యం తెలిసిన పిదప ఇరుపక్షాలకూ అనుమానాలు పెరిగి ఫిరంగుల దాకా వచ్చినది. మొంబాసా వద్ద 1498 ఏప్రిల్‌లో గామా ఇద్దరు బందీల చర్మం మీద మరిగే నూనె బొట్లు వేయించి సమాచారం పలికించాడని ఆయన ఓడలోనివాడే దినచర్యలో వ్రాసిపెట్టాడు. నాలుకను కదిలించుటకు అదొక మార్గం.

మలిందీలో లభించిన ఓడ మార్గదర్శి గామాను కాలికట్ చేర్చాడు. ఆ మార్గదర్శి సుప్రసిద్ధ అరబ్బు నావికాశాస్త్రజ్ఞుడు ఇబ్న్ మాజిద్ అని కొన్ని పుస్తకాలలో ఇప్పటికీ కనిపిస్తుంది. నేటి పరిశోధకులు దానిని అంగీకరించరు. అతడు గుజరాతీ అని పోర్చుగీసు చరిత్రకారులే వ్రాశారు. విద్యార్థులు ఈ సవరణ గుర్తుంచుకొనగలరు.

కాంగోకు తిరిగివద్దాం. 1491లో అక్కడి రాజు క్రైస్తవం స్వీకరించాడు. ఆయన కుమారుడు మ్వెంబా ఎన్‌జింగా, అఫోన్సో అనే పేరుతో 1500 తరువాతి దశకంలో సింహాసనమెక్కి 1540 దాటే వరకు పాలించాడు. ఈ రాజు పోర్చుగీసు చదువు క్షుణ్ణంగా నేర్చినవాడు. పుస్తకాల ముందే నిద్రపోతాడని, భోజనం మరచిపోతాడని 1516లో ఒక పాదిరి వ్రాశాడు. పోర్చుగల్ ధర్మశాస్త్ర సంపుటాలు చదివి, నేల మీద కాలు మోపినందుకు మీ దేశంలో ఏమి శిక్ష అని పరిహాసమాడాడని ఒక కథ కూడా ఉన్నది. ఇతనికి దుబాసి అవసరం లేదు. కాంగోలోనే చదువుకొన్న లేఖకులతో పోర్చుగీసులోనే ఉత్తరాలు వ్రాయించాడు.

1526 జూలై 6వ తేదీన పోర్చుగల్ రాజు తృతీయ జొవావ్‌కు వ్రాయించిన ఉత్తరం ప్రసిద్ధమైనది. మీ వర్తకులు ప్రతిదినం మా జనులను, ఈ నేల బిడ్డలను, మా సామంతుల కుమారులను, మా బంధువులను కూడా ఎత్తుకొనిపోతున్నారని, దేశం నిర్జనమవుతున్నదని అందులో మొర. మా రాజ్యానికి కావలసినది కొందరు పాదిరులు, కొందరు ఉపాధ్యాయులు, పూజకు కావలసిన ద్రాక్షసారాయం, పిండి మాత్రమే అని, బానిస వర్తకం మా రాజ్యంలో ఉండరాదని కోరాడు.

ఈ ఉత్తరం చదివి అఫోన్సో బానిసత్వాన్నే వ్యతిరేకించాడని కొందరు వ్రాశారు. అది పూర్తిగా నిజం కాదు. యుద్ధంలో పట్టిన పరదేశీయులను ఆయనా అమ్మాడు. ఆయన అభ్యంతరం స్వేచ్ఛగా పుట్టిన తన ప్రజలను దొంగిలించుటకే. అదే సంవత్సరం అక్టోబరులో వ్రాసిన మరొక ఉత్తరంలో వర్తకాన్ని ఆపమన్న కోరిక లేదు. దానికి మారుగా, అమ్మకానికి వచ్చిన ప్రతి మనిషినీ ముగ్గురు అధికారుల ముందు నిలిపి, ఇతడు నిజంగా బందీయా లేక ఎత్తుకొని వచ్చిన స్వతంత్రుడా అని విచారించే ఏర్పాటు ఉన్నది. 1444లో లాగోస్ మైదానంలో అడుగని ప్రశ్నను, నీవెవరవు అనే ప్రశ్నను, మనిషిని ఓడ ఎక్కించక ముందు అతని భాషలోనే అడుగుటకు ఆ ముగ్గురు నియమింపబడ్డారు. అఫోన్సో ఉత్తరాలు సుమారు రెండు డజన్లు నేటికీ మిగిలి, లిస్బన్‌లోని తోరె దో తోంబు అనే పురాతన పత్రాల భాండాగారంలో ఉన్నవి.